మగ్గం కాలికి కట్టిన గొంతు

నేను ఒక స్పీకరును. అరచేతిలో పట్టే నల్లటి డబ్బాను. మోత నాది, మాట మాత్రం నాది కాదు. ఎవరేం పంపిస్తే అది పలుకుతాను; పలికినదానికి నా పూచీ ఉండదు. ఇంత సుఖమైన ఉద్యోగం మనుషుల్లో బాగా పెద్దవాళ్లకే దొరుకుతుందని తర్వాత తెలిసింది.

పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల ఫ్యాక్టరీలో. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను వైరుకి తగిలించి, ‘కుయ్’ మనిపించి, చెవి వంచి విని, పక్కకి తోసేసింది. నాకు జరిగిన బారసాల అంతే. ఆ తర్వాత అట్టపెట్టె, ఓడ, లారీ, చివరికి తణుకు బజారులో ఒక కొట్టు. అక్కడ నన్నొకాయన కొని రంగుకాగితం చుట్టించాడు. ఆ కాగితమే నా పాలిట ఘోషా అయింది.

మనవాళ్లకి ఒక అలవాటుంది. గృహప్రవేశానికి వచ్చిన కానుకని విప్పరు. పైనున్న పేరు చీటీని మాత్రం కాగితం చిరగకుండా గోటితో గీకి తీసేసి, బీరువాలో దాచి, ఇంకెవరైనా గృహప్రవేశానికి పిలిస్తే పట్టుకెళ్లి చేతిలో పెడతారు. అలా నేను తణుకులో కట్టిన కొత్త ఇళ్లన్నీ తిరిగాను. చీకట్లో ఉండి పాలు పొంగిన వాసనా, తడి సున్నం వాసనా పీల్చడమే తప్ప ఒక్క గుమ్మమూ కళ్లారా చూసింది లేదు. మధ్యలో ఒకసారి నన్ను మొదట కొన్నాయన ఇంటికే తిరిగొచ్చాను. “అబ్బ, ఎంత శ్రద్ధగా ప్యాక్ చేయించారో చూడవే! మనకీ ఉన్నాయి తెలివితేటలు!” అని ఆయన భార్యని దెప్పాడు.

ఆ తిరుగుళ్లు తిరిగి తిరిగి ఒక వినాయక చవితి ఉత్సవ కమిటీ చేతిలో పడ్డాను. వాళ్లు నన్నొక శాలువాతో కలిపి సూరిబాబుగారి చేతిలో పెట్టారు. అక్కడితో నా గృహప్రవేశాలు ముగిశాయి.

సూరిబాబుగారు జీతం తీసుకునేది ప్రభుత్వాఫీసులో, బతికేది మాత్రం మైకు ముందు. ఆ చుట్టుపక్కల పదవీ విరమణ సభయినా, అన్నసమారాధనయినా వ్యాఖ్యాత ఆయనే. గొంతు గంగాళంలో గంట కొట్టినట్టుంటుంది. సభల్లో జనం వేదిక మీదికి చీటీలు పంపిస్తూంటారు కదా. ‘వెనక వాళ్లకి వినపడటం లేదు’ అని ఒకటి, ‘భోజనాలు ఎప్పుడండీ’ అని ఒకటి, ‘అధ్యక్షులవారి ప్రసంగం అద్భుతం’ అని ఒకటి వస్తే, ఆయన మూడోది రాగయుక్తంగా చదివి మిగిలిన రెండూ చల్లగా జేబులో వేసుకుంటారు. దాన్ని ఆయన సభామర్యాద అంటారు. ఇంటికొచ్చాక చొక్కా నానబెట్టే ముందు ఆ చీటీలు జేబులోంచి తీసి పారేసేది ఆయన భార్య హైమావతి.

నన్ను విప్పింది ఆయనే. గడ్డం గీసుకుంటూ తన సభల రికార్డింగులు తనే వినడానికి. నాలోంచి వచ్చిన మొదటి మనిషి గొంతు ఆయనది, మొదటి శ్రోతా ఆయనే. “ఆహా!” అని మెచ్చుకున్నదీ ఆయనే. నా అవసరం పెద్దగా లేని కార్యక్రమం.

మోజు తీరాక నన్ను గోడ అలమరలో, హైమావతి సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ సంచీ పక్కన పెట్టారు. బీకాం పట్టా, కంప్యూటర్ డిప్లొమా. రెండూ పెళ్లినాటినుంచీ ఆ సంచీలోనే కాపురం. ఆ సంచీ, నేనూ చేయగలిగిన పని చేయకుండా కూర్చున్నవాళ్లం కాబట్టి మా ఇద్దరికీ బాగానే పొత్తు కుదిరింది.

హైమావతి మాత్రం ఖాళీగా కూర్చునే మనిషి కాదు. పెళ్లయ్యాక భీమవరంలో ఒక మాస్టరు దగ్గర మగ్గం పని నేర్చుకుంది. వీధిలో పెళ్లికూతుళ్ల జాకెట్లన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్లాయి. ఆ మధ్య యూట్యూబులో ఒక చానల్ పెట్టి రోజూ లైవులో పాఠం చెప్పడం మొదలెట్టింది. మగ్గం అంటే ఏం లేదు, జాకెట్టు గుడ్డని నాలుగు వైపులా బిగించి, కాళ్ల మీద నిలబెట్టిన కర్ర చట్రం. కుడిచెయ్యి పైనుంచి కొక్కెం సూది గుచ్చుతుంది. ఎడమచెయ్యి గుడ్డ కింద ఉండి ఆ కొక్కేనికి దారం అందిస్తుంది. సూది దారాన్ని ఉచ్చులా పైకి లాక్కొస్తుంది, ఆ ఉచ్చులోంచి మళ్లీ కిందికి దిగుతుంది. అలా గొలుసు కుట్టు సాగుతుంది. అంటే రెండు చేతులూ పనిలోనే, కళ్లు సూదిమొన మీదే. పాఠం వింటున్నవాళ్లు చాట్‌లో ఏదైనా రాస్తే చదివే తీరికేదీ?

“నేను లేనూ?” అన్నారు సూరిబాబుగారు. మైకు లేకపోయినా శ్రోతలున్నారంటే ఆయన ఆగలేరు. ఆయన భోజనానికి ఇంటికొచ్చే వేళకే లైవు పెట్టారు. ఆయన ఫోనే స్టాండుకి బిగించేవారు. పక్కన కుర్చీ వేసుకుని ఆయన చదివేవారు.

“కోరుట్ల నుంచి సోదరీమణి నవనీతగారు... మన హైమావతిగారి హస్తకళా వైభవానికి... శతకోటి అభివందనాలు సమర్పించుకుంటున్నారు!”

హైమావతి సూది ఆపకుండా, “నమస్కారమమ్మా నవనీతా” అనేది.

లైవు అయిపోగానే ఆయన ఫోను జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్లిపోయేవారు. చాట్ కూడా ఆ జేబులోనే వెళ్లిపోయేది.

మొదట్లో జనం బాగా వచ్చారు. తర్వాత పలచబడ్డారు. “ఏమండీ, ఎవరూ ఏమీ డౌట్లు అడగట్లేదా?” అని హైమావతి అడిగితే, “డౌట్లా! జేజేలు కొడుతుంటేను!” అనేవారాయన. నిజంగానే ఆయన చదివినదాంట్లో జేజేలు తప్ప ఏమీ ఉండేవి కావు. ఇంతమంది మెచ్చుకుంటూ ఇంతమంది మానేస్తున్నారేమిటని ఆవిడకి లెక్క తేలేది కాదు. బీకాం చదివిన మనిషికి అది మరీ కష్టం.

ఒకరోజు పొద్దున్న ఆవిడ పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తుంటే ఫోను మోగింది. చేతులు ఘాటుగా ఉన్నాయని మోచేత్తో నొక్కి, బయటికి వినపడేలా పెట్టింది. అందువల్ల అలమరలోంచి నేనూ విన్నాను.

“అక్కా, నేను నవనీతను. కోరుట్ల నుంచి.”

“ఓ, నవనీతా! రోజూ అభివందనాలు పెడతావే, ఆ నవనీతవేనా?”

“నేనెప్పుడు వెట్టిన అక్కా? సారే అట్ల చదువుతున్నరు. నేను రోజు ఒక్కటే అడుగుతున్న. కుట్టు ఊడొస్తున్నది, ఏం జెయ్యాలె అని. మీరు దానికి నమస్కారం అని ఊకుంటున్నరు.”

తొడిమ తీస్తున్న చెయ్యి ఆగిపోయింది.

“మా చెల్లె పెండ్లి ఉన్నది అక్కా. జాకెట్ నేనే కుడ్త అని మాటిచ్చిన. వీపు మీద నెమలి కుట్టిన. మంచిగ వచ్చింది. మా మేనత్త చూస్త అని వచ్చి తోక కొస దారం వట్టుకుంటే, తోక మొత్తం గుంజుకుంట ఆమె చేతిలకు వచ్చింది. అందరు నవ్విన్రు. ఇగ బయట ఇచ్చేద్దం అంటున్నరు. చెల్లె మాత్రం ఏమంటలేదు, నా మొకమే చూస్తున్నది. మీరు జవాబియ్యకుంటే... ఇది దీనికి రాదులే అని వదిలేసిన్రేమో అనుకున్న అక్కా.”

“కాదమ్మా,” అంది హైమావతి. ఇంకేదో చెప్పబోయి మానేసింది. మొగుడి పరువు ఫోనులో తీయడం ఆవిడకి ఇష్టం లేదు. “నువ్వు క్లాసుకి రావడం మానకు. నీ జాకెట్టు నువ్వే కుడతావు. ఆ సంగతి నాకొదిలెయ్యి.”

మధ్యాహ్నం సూరిబాబుగారు పప్పు కలుపుకునేదాకా ఆగింది. ముద్ద నోట్లో ఉన్నప్పుడైతే ఉపన్యాసానికి అవకాశం తక్కువని ఆవిడ అనుభవం.

“ఏమండీ, కుట్టు ఊడిపోతోందని ఎవరైనా రాశారా?”

“రాస్తూంటారు. రకరకాల జనం.”

“చాలామందా?”

“ఉంటారే. అవన్నీ చదివితే నీ పరువేం గానూ? ఎక్కడైనా సభలో ఆక్షేపణలు చదువుతారా? ఆ మాత్రం మర్యాద తెలీదా నాకు?”

“ఇది సభ కాదండీ. బడి.”

ఆయన ముద్ద మింగి, “నీ మంచికే చేశానే హైమా. నువ్వు చిన్నబుచ్చుకుంటావని,” అన్నారు. అందులో అబద్ధం లేదు. నేను ఆయన గొంతుని ఎంతో కాలం మోసినవాణ్ణి, నాకు తెలుసు. ఆ మనిషి ఎవరినీ చిన్నబుచ్చకూడదనుకుంటారు. చీటీలన్నీ జేబులో పట్టినంతకాలం లోకంలో ఎవరికీ ఏ బాధా లేదని నమ్ముతారు.

“రేపట్నుంచి నా చెవులతో నేనే వింటాను,” అంది హైమావతి.

“ఎలా వింటావు? చేతులు ఖాళీ లేవాయె, కళ్లు ఖాళీ లేవాయె!”

“చెవులు ఖాళీగానే ఉన్నాయి కదా,” అని మజ్జిగ పోసింది.

ఆ సాయంత్రమే ఆవిడ అలమర తెరిచి డిప్లొమా సర్టిఫికెట్టుని ఒకసారి చూసుకుంది, నన్ను బయటికి తీసి కొంగుతో తుడిచింది. మా ఇద్దరికీ ఒకేసారి పిలుపొచ్చిందన్నమాట.

లైవు లింకుని లాప్‌టాప్‌లో ఒకచోట అతికిస్తే, చాట్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ గొంతుగా మార్చి చదివే ఏర్పాటు ఉందని ఆవిడ ఎక్కడో చూసింది. చూపించినవాడు హిందీలో గడగడా చెప్పి, “అంతే, చాలా తేలిక” అని వెళ్లిపోయాడు. అంతే అన్నది ఎంతో మర్నాటినుంచీ తెలిసింది. లాప్‌టాప్‌కీ నాకూ జోడీ కుదర్చడానికే ఒక పూట పట్టింది. అది నన్ను వెతుకుతుంది, కనిపించానంటుంది, మాట కలిపేలోపు మరిచిపోతుంది. హైమావతి విసుక్కోలేదు. మొండి పిల్లకి అన్నం పెట్టే తల్లిలా మళ్లీ మొదట్నుంచీ మొదలెట్టింది. కుదిరింది.

పేరుకి కుదిరింది కానీ, నాకు మొదట తగిలించిన గొంతు ఇంగ్లీషు గొంతు. చూసేవాళ్లలో సగం మంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. వాటిని నేను చదివితే పరాయిదేశపు పురోహితుడు మన సంకల్పం చెప్పినట్టు వచ్చింది. ఆవిడ సెట్టింగులన్నీ గాలించి ఒక తెలుగమ్మాయి గొంతు పట్టుకుని తగిలించింది. “కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడండమ్మా, అదే రాసుకుంటుంది” అని అందరికీ ముందే కబురు పెట్టింది.

తన పాత ఫోనుతో పరీక్ష మొదలెట్టింది. నేను చదివాను: “జోడించిన చేతులు. జోడించిన చేతులు. జోడించిన చేతులు. గులాబీ. గులాబీ.” సందేశాల్లో పెట్టే బొమ్మల్ని కూడా నేను వదలనని అప్పుడు తెలిసింది.

మధ్యగదిలో నడుం వాల్చిన అత్తగారు మంగతాయారుగారు లేచి కూర్చున్నారు. “ఎవరే హైమా ఆ పిల్ల? అన్నిసార్లు దణ్ణాలు పెడుతోంది, పాపం. లోపలికి రమ్మనవే, కాసిని మంచినీళ్లియ్యి.”

“ఎవరూ లేరు అత్తయ్యగారూ, స్పీకరు.”

“అయితే మరీ వినయమున్న స్పీకరే. ఈ ఇంట్లో ఎక్కడ నేర్చుకుందో!”

బొమ్మలు చదవకుండా ఒక మీట ఉంటే నొక్కింది. అంతలో ఇంకో తంటా. లాప్‌టాప్‌లో లైవు వీడియో కూడా ఆడుతోంది కాబట్టి, ఆవిడ “సూది ఇలా దింపండి” అంటే కాసేపటికి నాలోంచి కూడా “సూది ఇలా దింపండి” అని వచ్చేది. “ఒకసారి చెబితే చాలదుటే?” అన్నారు అత్తగారు లోపల్నుంచి. ఆ వీడియో నోరు నొక్కేయాలని కనిపెట్టేసరికి సాయంత్రమయింది, కాఫీ పొంగి పోయింది. ఆవిడ పొయ్యి తుడుచుకుంటూ, “పోతే పోయింది, ఇది తేలింది” అనుకుంది.

చెవిలో పెట్టుకునే వైరు వాడుకోవచ్చుగా అన్నారు సూరిబాబుగారు. “ప్రశ్న నాకొక్కదానికి వినపడితే చాలదండీ. ఆ డౌటు ఉన్నవాళ్లందరికీ వినపడాలి,” అంది. అప్పుడాయన ఇంకో సలహా పట్టుకొచ్చారు. కొన్ని మాటలు రాసి పెడితే, అవి ఉన్న సందేశాలు చదవకుండా దాటేసే సదుపాయం ఉందని ఆయన ఆఫీసులో తెలుసుకున్నారు.

“బూతులు పెట్టాను లెండి అందులో.”

“బూతులు సరే. ‘ఊడిపోయింది’ కూడా పెట్టు. ‘రావట్లేదు’, ‘బాగోలేదు’...”

“ఇంకా నయం, ‘ఎందుకు’ అన్నది కూడా పెట్టమన్నారు కాదు,” అని లాప్‌టాప్ మూసేసింది. పాత జాకెట్టు గుడ్డ అంచు చింపి, దాంతో నన్ను మగ్గం కాలికి గట్టిగా కట్టింది. నా జీవితంలో మొదటిసారి నాకొక స్థానం దొరికింది.

ఆ మర్నాడే లైవు. సూరిబాబుగారు “నాకేం పని, నేను భోంచేస్తా” అని వంటింట్లో పీట వేసుకున్నారు. కంచం ముందు కూర్చున్నా చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

హైమావతి సూది పట్టుకుని, “ఇవాళ్టినుంచీ మీరు రాసినవన్నీ నాకు వినపడతాయి. ధైర్యంగా అడగండి,” అంది.

మొదటి సందేశం వచ్చింది. నేను చదివాను: “ఇవాళ సార్ లేరా? హమ్మయ్య.”

వంటింట్లో గ్లాసు ఠంగుమంది. హైమావతి పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. నాకా మర్యాద తెలియదు కాబట్టి తర్వాతది అందుకున్నాను. “సార్ గొంతులో అక్క మాట వినపడేది కాదు.” దాని వెనకే ఇంకోటి. “సార్ మంచివారే, పాపం. కానీ డౌట్ అడిగితే సన్మానం చేసేవారు.”

ఆ తర్వాత నవనీత. “అక్కా, ఇయ్యాలన్న జవాబిస్తరా? కుట్టు చివరికి వచ్చినంక కింద మీ ఎడమచెయ్యి ఏం జేస్తున్నదో మాకు కనవడ్తలేదు. పైన సూది ఒక్కటే కనవడ్తున్నది.”

హైమావతి సూది గాల్లో ఆగింది. ఇంతలో నా మీద వర్షం కురిసినట్టయింది. “మాకూ.” “మాకూ కనపడదు.” “నాకూ ఊడిపోతోంది మేడం.” “మాకూ.” “మా ఇంట్లో ముగ్గురికీ ఊడింది.” “మాకూ.” ఊపిరాడకుండా చదివాను. మానేశారనుకున్నవాళ్లలో చాలామంది ఉన్నారక్కడ. జవాబు కోసం కాచుకుని కూర్చున్నవాళ్లు.

ఆవిడ కళ్లు చట్రం కిందికి వెళ్లాయి. గొలుసు కుట్టుకి ప్రాణం దాని కొసలో ఉంది. చివరి ఉచ్చుని కింద ఎడమచేత్తో తాళం వేసి వదలకపోతే, ఒక్క లాగుకి మొత్తం గొలుసు ఊడొస్తుంది. ఆ తాళం వేసేది ఎడమచెయ్యి. ఏళ్ల తరబడి అలవాటులో ఆ చెయ్యి తన పని తను చేసుకుపోతోంది కాబట్టి, దాని గురించి చెప్పాలని కూడా ఆవిడకి తట్టలేదు. పైగా మగ్గం కింది వైపు ఎవరూ చూపించరు. చూపించడమంటే చుట్టాల్ని వంటింట్లోకి పిలిచి అంట్ల తొట్టి చూపించినట్టు. ముళ్లు, తెగిన కొసలు, వేలాడే దారాలు. వాటి కింద ఆరబెట్టిన వడియాల పళ్లెం, అత్తగారి పాత చెప్పులు.

ఆవిడ ఒక్క క్షణమే ఆలోచించింది.

“ఏమండీ!” అని కేకేసింది. “చెయ్యి కడుక్కుని ఇలా రండి.”

సూరిబాబుగారు వచ్చారు. మొహం కందగడ్డలా ఉంది. “ఏం, ఇంకా మిగిలాయా నా గురించి?” అన్నారు నెమ్మదిగా.

“ఫోను స్టాండులోంచి తీసి మగ్గం కింద పట్టుకోవాలి. కెమెరా పైకి పెట్టి.”

“కిందా? ఎలా?”

“పడుకుని.”

“ఇస్త్రీ చొక్కాయే!”

“నేను మళ్లీ చేస్తాను. వడియాలు అటు జరపండి. మాట్లాడకండి, మైకు దగ్గరగా ఉంటుంది.”

ఎన్ని వేదికలెక్కారో లెక్కలేని మనిషి, నేల మీద వెల్లకిలా పడుకుని, మగ్గం కిందికి పాక్కుంటూ దూరారు. నాకు జానెడు దూరంలో ఆయన చెవి. ఫోను పైకెత్తి పట్టుకున్నారు. పొట్ట ఊపిరికి ఎగిరిపడుతోంది. ఆయన నోరు మూసుకుని ఉండగా నేనెన్నడూ చూడలేదు.

“ఇదిగో, ఇదీ నా ఎడమచెయ్యి,” అంది హైమావతి. “చూశారా, దారం చూపుడువేలికీ బొటనవేలికీ మధ్యన ఉంది. చివరి కుట్టు వచ్చింది. ఇప్పుడు సూదిని కొంచెం పక్కకి దింపుతున్నాను. కింద దారాన్ని సూది చుట్టూ ఒక్క చుట్టు తిప్పాలి. ఇలా. ఇప్పుడు పైకి లాగి, ఆ ఉచ్చులోంచే కిందికి పంపేసి, కింద ముడి బిగించాలి. ఇక ఎవరి మేనత్త లాగినా రాదు.”

నవనీత రాసింది, నేను చదివాను. “ఇంకొక్కసారి అక్కా. మెల్లగ.”

ఆవిడ మళ్లీ చేసింది. ఎవరో మళ్లీ అడిగారు, మళ్లీ చేసింది. ఆ వేలు దారాన్ని తిప్పడం, ముడి పడటం, గోరు దాన్ని తడిమి చూసుకోవడం, ఇవన్నీ సూరిబాబుగారి ముక్కుకి అంగుళాల దూరంలో జరిగాయి. చూపుడువేలి పక్కన దారం కోసి కోసి ఏర్పడిన కాయ ఒకటి ఉంది. ఆయన దాన్ని చూస్తున్నట్టు నాకనిపించింది. అన్నం వడ్డించేటప్పుడు కుడిచెయ్యే కదా కంచం దగ్గరికి వచ్చేది. ఈ చేతి సంగతి ఆయనకి తెలిసే దారి లేకపోయింది.

లైవు అయ్యాక ఆయన నడుం పట్టుకుని లేచారు. వీపు మీద వడియాల పిండి అంటుకుంది. ఏదైనా అంటారేమోనని చూశాను. “ఆఫీసుకి టైమయింది,” అని మాత్రం అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “ఆ వేలికి కొంచెం కొబ్బరినూనె రాసుకో,” అన్నారు.

ఆ తర్వాత కింది వైపు చూపించడం రోజూ ఉండేది. కింద ఇంకో స్టాండు పెట్టుకుందామంటే, “ఎందుకూ, నేనున్నానుగా” అన్నారాయన. పాత లుంగీ ఒకటి కట్టుకుని, చాప పరుచుకుని, మగ్గం కిందికి వెళ్లిపోయేవారు. మంగతాయారుగారు తొంగిచూసి, “చిన్నప్పుడు మంచం కింద దాక్కునేవాడు, ఇప్పుడు మగ్గం కింద. ఎదుగుదలే,” అనేవారు. నేను పైన చదువుతూ ఉండేవాణ్ణి. పొగిడితే పొగిడినట్టు, తిడితే తిట్టినట్టు. జనం మళ్లీ చేరారు.

నవనీత మాత్రం రాలేదు.

హైమావతి పాఠం మొదలెట్టగానే చాట్ వైపు చెవి పెట్టేది. ఊరిపేర్లు వరసగా చదివేవాణ్ణి. కోరుట్ల ఉండేది కాదు. ఫోను చేస్తే అవతల పెళ్లిసందడిలో ఎవరూ ఎత్తేవారు కాదు. తోక మళ్లీ కుట్టిందా, మళ్లీ ఊడిందా, విసిగి బయట ఇచ్చేశారా? “నీ జాకెట్టు నువ్వే కుడతావు” అని మాటిచ్చిందాయె. పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తూ ఫోను వైపు చూసుకునేది. అడిగితే, “ఏం లేదు, పెళ్లి వాళ్లకి తీరికెక్కడ” అనేది. అనేసి సూది ఇంకొంచెం గట్టిగా గుచ్చేది.

ఒకరోజు పాఠం మధ్యలో కరెంటు పోయింది. గోడకున్న ఇంటర్నెట్ డబ్బా ఆరిపోయింది. నా బ్యాటరీ అంతకు చాలా ముందే ఉబ్బి చచ్చిపోయింది కాబట్టి, వైరుతో బతుకుతున్న నేనూ ఆరిపోయాను. ఫోనుకి సొంత ఇంటర్నెట్టుంది కాబట్టి లైవు మాత్రం ఆగలేదు. చూసేవాళ్లు రాస్తూనే ఉన్నారు. చదివేందుకు నాలో ఊపిరి లేదు.

హైమావతి సూది ఆగింది. చేతులు రెండూ పనిలో ఉన్నాయి. ఫోను మగ్గం కింద ఉంది. దాని తెర సూరిబాబుగారి మొహానికెదురుగా ఉంది.

తర్వాత కిందినుంచి గొంతు వచ్చింది. గంగాళంలో గంట కాదు. పక్కింటివాళ్లకి దారి చెప్పే మనిషి గొంతు.

“పాలకొల్లు. సుగుణ. ముడి వేస్తే గుడ్డ ముడుచుకుపోతోంది, మీరు చెప్పినట్టే చేశాను అంటున్నారు.”

హైమావతి రెప్ప కూడా వేయకుండా, “మరీ బిగించేస్తున్నావమ్మా. కొంచెం వదులు పెట్టు,” అంది.

“నంద్యాల. పేరు రాయలేదు. నిన్నటి పాఠం అర్థం కాలేదు, చాలా వేగంగా చెప్పారు అంటున్నారు.”

“మళ్లీ చెబుతాను.”

“ఏలూరు.” ఆయన ఆగారు. గొంతు సవరించుకున్నారు. “సార్ మళ్లీ దాపురించారా అని అడుగుతున్నారు.”

మంగతాయారుగారు లోపల్నుంచి ఫక్కున నవ్వారు. హైమావతి నవ్వలేదు. నిదానంగా, “వచ్చారమ్మా,” అని జవాబు చెప్పింది.

“తర్వాత...” సూరిబాబుగారి గొంతు మారింది. “కోరుట్ల.”

సూది మళ్లీ ఆగింది.

“నవనీత. అక్కా, జాకెట్ అయిపోయింది. చెల్లె ఏసుకున్నది. మేనత్త మళ్ల తోక కొస వట్టి గట్టిగ గుంజి చూసింది. ఊడలే.”

మగ్గం గుడ్డ మీద ఒక చుక్క పడింది. హైమావతి దాన్ని మోచేత్తో అద్దేసి, సూది మళ్లీ దింపింది. ఎడమచెయ్యి కింద దారం అందించింది.

“తర్వాత?” అంది.

ఆయన రాగాలూ అభివందనాలూ ఎక్కడున్నాయో నాకు తెలుసు. గొంతు దాకా వచ్చి ఉంటాయి కూడా. ఒక్క సోదరీమణి, ఒక్క శతకోటి, ఏదో ఒకటి కలుపుతారని ఎదురుచూశాను.

“తర్వాతేం లేదే,” అన్నారు సూరిబాబుగారు. “అంతే రాసింది.”

నోరు లేని డబ్బాగా మగ్గం కాలికి వేలాడుతూ నేనొకటి అనుకున్నాను. నన్ను రేపు పాత ఇనుప సామానువాడి తక్కెట్లో వేసినా చింత లేదు. ఇల్లిల్లూ తిరిగి, ఎవరికీ అక్కర్లేని కానుకగా పుట్టినవాణ్ణి. నా పని నేర్చుకున్న మనిషొకడు నేల మీద పడుకుని ఉన్నాడు.

అంతలో కరెంటు వచ్చింది. అలవాటుకొద్దీ ‘కుయ్’ మన్నాను.

“నువ్వుండవే,” అంది హైమావతి నాకేసి చూడకుండానే. “ఆయన చదువుతున్నారు.”